ట్రయల్ శాంపిళ్లు పదేపదే రిజెక్ట్ అవుతుంటే ముందు మొదటి గంట చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కోఆర్డినేటర్‌గా చేరి నాలుగు నెలలైంది. చూస్తున్నది డయాబెటిస్ ట్రయల్, అంటే మందును పేషెంట్ల మీద పరీక్షించే అధ్యయనం. పోయిన నెల పంపిన శాంపిళ్లలో నాలుగు సెంట్రల్ ల్యాబ్ (ట్రయల్ శాంపిళ్లన్నీ పరీక్షించే ల్యాబ్) వాళ్లు రిజెక్ట్ చేశారు. రెండు హీమోలైజ్ అయ్యాయని (ఎర్ర కణాలు పగిలాయని), ఒకటి కరిగిపోయి చేరిందని, ఇంకోటి ఫారంలో టైము లేదని. మానిటర్ (కంపెనీ తరఫున ట్రయల్ పనిని తనిఖీ చేసేవారు) మెయిల్ మీద మెయిల్ పెడుతున్నారు. నర్సులేమో తప్పంతా కొరియర్ వాడిదే అంటున్నారు. ఎక్కడ సరిచెయ్యాలి?

సూటిగా చెప్తాను. ఆ నాలుగింట్లో మూడు మీ ఆసుపత్రి గేటు దాటకముందే పాడైపోయి ఉంటాయి. కరిగిపోయి చేరినది కూడా కొరియర్ వచ్చేలోపే పోయి ఉండొచ్చు. పేషెంట్ చేతికి సూది గుచ్చిన క్షణం నుంచి ట్యూబు ఫ్రీజర్‌లోకో పెట్టెలోకో వెళ్లేదాకా ఉన్న గంట, గంటన్నర ఎవరి చేతుల్లో నడుస్తోందో చూడండి. చాలా సైట్లలో (ట్రయల్ జరిగే ఆసుపత్రుల్లో) ఆ గంటకు ఓనర్ ఉండడు. నర్సు తీస్తుంది, వార్డ్ బాయ్ మోస్తాడు, ల్యాబ్ టెక్నీషియన్ తీరినప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబుల్ని వేగంగా తిప్పి రక్త కణాల్ని వేరుచేసే మెషీన్) పెట్టి తిప్పుతాడు, కోఆర్డినేటర్ సాయంత్రం కూర్చుని ఫారం నింపుతారు. ఎవరి పని వాళ్లు చేసినట్టే ఉంటుంది, శాంపిల్ మాత్రం చస్తుంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా మొదలుపెట్టి, తర్వాత కోఆర్డినేటర్‌గా, ఇప్పుడు సైట్ మేనేజర్‌గా మొత్తం పద్నాలుగేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. కింద చెప్పేవి చాలావరకు నేను చేసిన తప్పులే.

ముందు ఒక పని చెయ్యండి. రాబోయే మూడు పేషెంట్ విజిట్లకు మీరే వాచీ పట్టుకుని పక్కన నిలబడండి. ఐదు టైములు రాయండి: గుచ్చింది ఎప్పుడు, ట్యూబు స్టాండులో పెట్టింది ఎప్పుడు, సెంట్రిఫ్యూజ్ తిరగడం మొదలైంది ఎప్పుడు, ఆగింది ఎప్పుడు, ఫ్రీజర్ తలుపు వేసింది ఎప్పుడు. ఎవర్నీ ఏమీ అనకండి, రాయండి అంతే. మూడో విజిట్‌కల్లా జబ్బు ఎక్కడుందో మీకే కనబడుతుంది. నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు తేలిందేమిటంటే, మా ట్యూబులు ల్యాబ్ కౌంటర్ మీద సగటున యాభై నిమిషాలు ఊరికే నిలబడుతున్నాయి. కారణం చాలా చిన్నది. ఔట్‌పేషెంట్ల శాంపిళ్లతో సెంట్రిఫ్యూజ్ నిండితేగానీ టెక్నీషియన్ తిప్పేవాడు కాదు. "ఒక్క రెండు ట్యూబుల కోసం మెషీన్ ఎందుకు మేడమ్" అన్నాడు. అతని వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే.

ఇక హీమోలైజ్ సంగతి.

సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) ఎర్రగా వచ్చిందంటే ఎర్ర కణాలు పగిలాయని అర్థం. పగిలితే వాటి లోపలి పొటాషియం, ఎంజైములైన ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ బయటికొచ్చి అంకెలు పెరుగుతాయి. మీది డయాబెటిస్ ట్రయల్ కాబట్టి ఇంకో దెబ్బ ఉంది: కణాలు పగిలినప్పుడు బయటికొచ్చే ఎంజైము ఇన్సులిన్‌ను తినేస్తుంది. అంటే ఇన్సులిన్ కొలవాల్సిన ట్యూబు హీమోలైజ్ అయితే వచ్చే అంకె అబద్ధం. ల్యాబ్ వాళ్లు రిజెక్ట్ చేసింది కక్షతో కాదు.

పగలడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది సిరంజి. మన నర్సులకు వేక్యూటైనర్ హోల్డర్ (రక్తం సూది నుంచి నేరుగా ట్యూబులోకి పోయే పరికరం) కంటే సిరంజి అలవాటు. పది మిల్లీలీటర్ల సిరంజితో లాగి, అదే సూదిని ట్యూబు మూతలో గుచ్చి, బొటనవేలితో గట్టిగా నొక్కుతారు. సన్నని సూదిలోంచి అంత వేగంగా తోస్తే కణాలు నలిగిపోతాయి. రెండోది స్పిరిట్ ఆరకముందే గుచ్చడం. మూడోది టోర్నికే (చేతికి బిగించే పట్టీ) నిమిషం దాటి కట్టి ఉంచడం, దానికి తోడు "గుప్పిట మూసి తెరవండి, మూసి తెరవండి" అని పదిసార్లు చేయించడం. కణాలు పగలకపోయినా ఆ గుప్పిట ఒక్కటే పొటాషియాన్ని పెంచేస్తుంది. నాలుగోది ఐవీ కేన్యులాలోంచి (సెలైన్ ఎక్కించడానికి పెట్టిన గొట్టంలోంచి) తీయడం. ఐదోది ట్యూబును కాఫ్ సిరప్ సీసాలా ఊపడం. ఊపకూడదు, తిరగెయ్యాలి. జెల్ ట్యూబు (సీరం కోసం తీసేది) ఐదారు సార్లు, ఈడీటీఏ ట్యూబు (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం ఉన్నది) ఎనిమిది నుంచి పది సార్లు, నెమ్మదిగా.

నర్సుకు ఇవన్నీ పాఠంలా చెప్తే వినరు, పైగా చిన్నబుచ్చుకుంటారు. ఇరవయ్యేళ్లుగా రక్తం తీస్తున్న సిస్టర్‌కి నాలుగు నెలల కోఆర్డినేటర్ చెప్తే ఎలా ఉంటుంది? నేను చేసింది వేరే. ఒకే పేషెంట్ దగ్గర సిరంజితో తీసిన ట్యూబు, హోల్డర్‌తో తీసిన ట్యూబు తిప్పిన తర్వాత పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకటి గడ్డి రంగులో ఉంది, ఇంకోటి దానిమ్మ రసంలా ఉంది. సిస్టర్ ఒక్క మాట కూడా అనలేదు. మర్నాటి నుంచి హోల్డర్ వాడింది. అయితే చూపించడం కోసమని ట్రయల్ పేషెంట్‌కి అదనంగా సూది గుచ్చకండి. నేను ఆసుపత్రి మామూలు శాంపిళ్లలోనే ఆ రెండూ చూపించాను.

ట్యూబుల వరస కూడా అక్కడే చెప్పెయ్యండి. లేత నీలం సిట్రేట్ ముందు, తర్వాత సీరం ట్యూబు, తర్వాత ఆకుపచ్చ హెపారిన్, ఆపైన ఊదా మూత ఈడీటీఏ, చివర్న బూడిద రంగు ఫ్లోరైడ్. ఒక ట్యూబులోని రసాయనం ఇంకోదానిలోకి పోకూడదనే ఈ వరస. దీని వెనక నాకు ఒక చేదు అనుభవం ఉంది. ఒకసారి రాత్రి తొమ్మిదికి సెంట్రల్ ల్యాబ్ నుంచి అలర్ట్: పొటాషియం 9 దాటింది. పీఐ (ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, సైట్లో ట్రయల్ బాధ్యత ఉన్న డాక్టర్) గారు కంగారుపడి పేషెంట్‌కి ఫోన్ చేయించారు. అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. ఆయన భోజనం ముగించి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. పొటాషియం 9 ఉన్న మనిషి మజ్జిగ తాగుతూ కబుర్లు చెప్పడు. రిపోర్టు మళ్లీ తీసి చూస్తే కాల్షియం నేలకు అంటుకుని ఉంది. పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో ఉంటే ఈడీటీఏ కలిసిందని అర్థం, ఎందుకంటే ఆ ట్యూబులో ఉండేది పొటాషియం ఉప్పు, అది కాల్షియాన్ని పట్టేస్తుంది. విషయమేమిటంటే, సీరం ట్యూబులో రక్తం తక్కువ పడిందని మా కొత్త అమ్మాయి ఊదా ట్యూబులోంచి కొంచెం వంపింది. పాపం, సాయం చేద్దామనుకుంది. ఆ రాత్రికి రాత్రి పేషెంట్‌ని దగ్గర్లోని ఆసుపత్రికి పంపి మళ్లీ పరీక్ష చేయిస్తే 4.3 వచ్చింది. అలర్ట్ తప్పని అనుమానం ఉన్నా సరే, పేషెంట్‌ని చూడకుండా మాత్రం కొట్టిపారెయ్యకండి.

తిప్పే విషయానికొస్తే, ఇక్కడ మీ సైట్లోనూ తప్పు ఉండే అవకాశం ఎక్కువ. ల్యాబ్ మాన్యువల్‌లో "1500 జీ, 10 నిమిషాలు" అని ఉంటుంది. మెషీన్ మీద ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) మాత్రమే కనిపిస్తుంది. ఎవరో ఎప్పుడో 3000 అని స్కెచ్ పెన్‌తో రాసి అంటిస్తారు, అదే వేదవాక్కు అయిపోతుంది. కానీ జీ, అంటే తిరిగేటప్పుడు ట్యూబు మీద పడే బలం, రోటార్ (ట్యూబుల్ని పట్టుకుని తిరిగే భాగం) సైజును బట్టి మారుతుంది. లెక్క ఇదీ: రేడియస్ సెంటీమీటర్లలో × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం × 0.00001118. రేడియస్ 10 సెంటీమీటర్లు ఉన్న చిన్న మెషీన్ మీద 3000 పెడితే వచ్చేది వెయ్యి జీ చిల్లర. 1500 కావాలంటే దాదాపు 3660 పెట్టాలి. అదే 17 సెంటీమీటర్ల పెద్ద మెషీన్ మీద 3000 పెడితే 1700 దాటిపోతుంది. రేడియస్ కొలిచేది నడిమి ఇరుసు నుంచి, బకెట్ అడ్డంగా లేచినప్పుడు ట్యూబు అడుగు వచ్చే చోటికి. స్కేలు పెట్టి కొలవండి, మెషీన్ పుస్తకంలో కూడా ఉంటుంది.

ఇంకో సంగతి, జెల్ ట్యూబును తీసిన వెంటనే తిప్పకూడదు. నిటారుగా స్టాండులో అరగంట గడ్డకట్టనివ్వాలి. తొందరపడితే సీరంలో తీగలు తీగలుగా ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీను) మిగిలిపోతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు ఇంకా ఎక్కువ టైము పడుతుంది. అలాగని రెండు గంటలు వదిలేస్తే గ్లూకోజ్ పోతుంది. వేరుచెయ్యని రక్తంలో గది వేడి దగ్గర గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్‌ను కణాలే వాడేసుకుంటాయి. బూడిద రంగు మూత ఉంది కదా అని ధీమా వద్దు. అందులోని ఫ్లోరైడ్ ఆ వాడకాన్ని ఆపడానికే గంట రెండు గంటలు పడుతుంది. షుగర్ ట్రయల్‌లో ఫాస్టింగ్ గ్లూకోజ్ పది శాతం తగ్గి కనిపిస్తే మందు పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది!

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ట్యూబును మాత్రం అసలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకూడదు, ఫ్రీజ్ చెయ్యకూడదు. అది పూర్తి రక్తంగానే వెళ్లాలి. కొత్తవాళ్లు ఊపులో అన్నీ తిప్పేసి ప్లాస్మా తీసేస్తారు. మీ ట్రయల్‌లో ముఖ్యంగా కొలిచే ఫలితం, అంటే ప్రైమరీ ఎండ్‌పాయింట్ అదే అయి ఉంటుంది కాబట్టి ఆ ట్యూబు మీద నేనైతే ఎర్ర స్టిక్కర్ అంటిస్తాను.

కరిగిపోయిన శాంపిల్ గురించి. మీరు రాసిన దాన్నిబట్టి నా ఊహ: ఉదయం పదకొండుకు ఫ్రీజర్‌లోంచి తీసి, థర్మోకోల్ పెట్టెలో జెల్ ప్యాకుల మధ్య పెట్టి, కొరియర్ కోసం ఎదురుచూశారు. అతను మూడింటికి వచ్చాడు. పైన డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పోశాడు. లోపల కరిగింది మళ్లీ గడ్డకట్టింది. ఇది ల్యాబ్ వాళ్లకు ఎలా తెలుస్తుందంటే, నిటారుగా ఫ్రీజ్ అయిన సీరం వయల్ (చిన్న సీసా) అడుగున చదునుగా ఉంటుంది. కరిగి, పడుకుని, మళ్లీ గడ్డకడితే ఒక పక్కకు అతుక్కుని ఉంటుంది, మూతలోకి కూడా పోతుంది. చూడగానే పట్టేస్తారు. మీ సైట్లో ఎప్పుడూ నిటారుగానే ఫ్రీజ్ చేస్తే ఈ సాక్ష్యం మీకూ పనికొస్తుంది: నిజంగా దారిలో కరిగితే ఆ మాట మీరు ధైర్యంగా అనొచ్చు. వయల్‌ని అంచుదాకా నింపకండి, గడ్డకట్టేటప్పుడు ఉబ్బి మూత లేస్తుంది.

డ్రై ఐస్ మీ కళ్ల ముందుకు వచ్చేదాకా ఫ్రీజర్ తలుపు తెరవొద్దు. కొరియర్ అబ్బాయి గేటు దగ్గరున్నానని ఫోన్ చేసినా సరే. అతను పైకొచ్చి, పెట్టె తెరిచి, మీరు చూశాకే తియ్యాలి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, నీళ్లవ్వకుండా నేరుగా గ్యాసైపోతుంది. అందుకే లోపలి థర్మోకోల్‌ని గాలి ఆడకుండా టేపు చుట్టేయకూడదు, పెట్టె పేలుతుంది. ఏసీ వేసి తలుపులు మూసిన చిన్న గదిలో ప్యాకింగ్ వద్దు. బ్లడ్ తీసే పల్చటి గ్లోవ్స్‌తో దాన్ని పట్టుకోవద్దు. పెట్టె మీద డ్రై ఐస్ నికర బరువు కిలోల్లో రాయాలి, డ్రై ఐస్‌కి వాడే యూఎన్ 1845 లేబుల్ ఉండాలి. శాంపిల్‌కి యూఎన్ 3373 డైమండ్ లేబుల్. లోపల మూడు పొరలు: లీకవని వయల్, పీల్చే కాగితంతో లీకవని సంచి, బయట గట్టి పెట్టె. పెట్టె కట్టేవాళ్లకు ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన రవాణా సంఘం) ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి. దానికి రెండేళ్లే గడువు. మానిటర్ అడిగినప్పుడు గడువైపోయిందని తెలియడం చాలా మామూలు, మీది ఇవాళే తీసి చూసుకోండి.

ఒకే పేషెంట్‌వి రెండు అలిక్వాట్లు (ఒకే శాంపిల్‌ని పంచి పోసిన వయల్స్) ఉంటే, అసలుదీ బ్యాకప్‌దీ ఒకే పెట్టెలో పంపకండి. మొదటిది చేరిందని మెయిల్ వచ్చాకే రెండోది. ఇది కొన్ని మాన్యువళ్లలో రాసి ఉండదు. ఒకసారి పెట్టె మొత్తం విమానాశ్రయంలో మూడు రోజులు ఉండిపోయిన తర్వాత నాకు తెలిసొచ్చింది.

మన దగ్గర క్యాలెండర్ కూడా ఒక పరికరమే. గది వేడి దగ్గర వెళ్లాల్సిన శాంపిళ్లు ఉన్న విజిట్లను సోమవారం నుంచి గురువారంలోపు పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రం పంపితే ఆదివారం ఎక్కడో గోడౌన్‌లో పడి ఉంటుంది. సంక్రాంతి మూడు రోజులు, దసరాల్లో మూలా నక్షత్రం రోజు విజయవాడ రోడ్లు, హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం రోజు... గుంటూరు నుంచి పెట్టె గన్నవరమో శంషాబాదో చేరాలంటే ఇవన్నీ అడ్డమే. దానికి తోడు సెంట్రల్ ల్యాబ్ ఉన్న దేశపు సెలవులు. నేను జనవరిలోనే ఏడాది మొత్తానికి రెండు రంగుల్లో గోడ క్యాలెండర్ మీద గీసేస్తాను. విజిట్ విండో (విజిట్ తేదీకి అటూ ఇటూ ఇచ్చే వెసులుబాటు) ప్లస్ మైనస్ మూడు రోజులు ఉన్నది దీనికోసం కూడా. చాలామంది దాన్ని పేషెంట్ సౌకర్యం కోసమే అనుకుంటారు.

కిట్లు ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. స్టోర్ రూం పైన రేకులుంటే మే నెలలో లోపల నలభై దాటుతుంది. జెల్ ట్యూబులు 25 డిగ్రీలు దాటకుండా ఉండాలని సాధారణంగా ట్యూబుల పెట్టె మీదే ఉంటుంది. గడువు దాటిన ట్యూబులో వాక్యూమ్ తగ్గి రక్తం సగమే వస్తుంది. నెల మొదటి రోజున కిట్లన్నీ తీసి, ముందు గడువైపోయేవి ముందు వరసలో పెట్టండి. అరగంట పని.

ఫ్రీజర్ టెంపరేచర్ లాగ్ గురించి ఒక్కటే చెప్తాను. ఆదివారం మీరు రాకపోతే ఆదివారం గడి ఖాళీగా వదిలెయ్యండి. డేటా లాగర్ ఉంటే సోమవారం డౌన్‌లోడ్ చేసి జతచెయ్యండి. నాకు తెలిసిన ఒక సైట్లో సంక్రాంతి రోజు కూడా మైనస్ 21 అని నీట్‌గా రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం చేసిన మనిషి ఆ రోజు సెలవులో ఉన్నట్టు ఆసుపత్రి హాజరు పట్టీలో ఉంది. ఒక్క ఆ గడి వల్ల మూడేళ్ల లాగ్ మొత్తాన్ని అనుమానించారు. ఖాళీ గడికి ఒక నోట్ రాస్తే సరిపోయేది.

అదే మాట టైములకూ. మీ నాలుగో శాంపిల్ టైము లేక పోయింది కదా. సాయంత్రం కూర్చుని ఫారం నింపితే అలాగే అవుతుంది, లేదా అన్నీ 9:00, 9:30, 10:00 అని గుండుగా వస్తాయి. భోజనం తర్వాత అరగంటకోసారి తీసే మీల్ టెస్ట్ శాంపిళ్లు సరిగ్గా గంట కొట్టినట్టు రావని చూసేవాళ్లకు తెలుసు. 9:37కి తీస్తే 9:37 అనే రాయండి. ఏడు నిమిషాలు లేటైతే అది ఒక చిన్న డీవియేషన్ (ట్రయల్ నియమం తప్పడం). 9:30 అని రాస్తే అది అబద్ధపు డేటా, ఉద్యోగాలు పోయే విషయం. ఇంకో చిన్న సంగతి: వార్డు గోడ గడియారం, సెంట్రిఫ్యూజ్ దగ్గర గడియారం, మీ ఫోను, మూడూ మూడు టైములు చూపిస్తాయి. మా దగ్గర ఆరు నిమిషాల తేడా ఉండేది. రికార్డుల ప్రకారం ఒక ట్యూబు, తియ్యకముందే తిరగడం మొదలైంది! నూట యాభై రూపాయల డిజిటల్ గడియారం ఒకటి కొని ట్రేలోనే పెట్టాం. ఎక్కడికెళ్లినా అదే టైము.

ఇప్పటిదాకా ట్యూబుల గురించే చెప్పాను. పేషెంట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం తప్పులు ముందురోజు రాత్రే మొదలవుతాయి.

"ఫాస్టింగ్‌లో రండి" అంటే పల్లెల్లో చాలామందికి టిఫిన్ తినకుండా రావడం. టీ తాగడం తినడం కింద లెక్క కాదు. తెల్లవారుజామున మొదటి బస్సుకు బయల్దేరి, బస్టాండులో టీ తాగి, "ఏమీ తినలేదండీ" అని నిజాయితీగానే చెప్తారు. "పరగడుపున" అని అడగండి, అప్పుడు కూడా విడమరచండి: టీ వద్దు, కాఫీ వద్దు, పాలు వద్దు, మంచినీళ్లు తాగొచ్చు, తాగండి కూడా. నీళ్లు తాగి వస్తే నరం దొరుకుతుంది. మందు సంగతి ఇంకా ముఖ్యం. మందు వేసుకోకముందు తీయాల్సిన శాంపిల్ అయితే, అలవాటు కొద్దీ ఆరింటికే వేసేసుకుని వస్తారు. నేను ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను. పేషెంట్‌కి చెప్పి, ఇంట్లో కోడలికో కూతురికో కూడా ఇవ్వమంటాను. "రేపు పొద్దున మందు వెయ్యకండమ్మా, సీసా సంచిలో పెట్టి పంపండి." ఈ ఒక్క ఫోన్ మా డీవియేషన్లను సగానికి తగ్గించిందని నా నమ్మకం. శాంపిల్ అయిన వెంటనే ఇడ్లీ పెట్టించండి. ఆ ఖర్చు బడ్జెట్‌లో అడగండి, ఎథిక్స్ కమిటీకి (ట్రయల్‌లో పేషెంట్ల రక్షణ చూసే కమిటీ) చూపించండి, జేబులోంచి పెట్టకండి.

"ఇంత రక్తం తీస్తారా?" అనే ప్రశ్నకు విసుక్కోవద్దు. ఆరు ట్యూబులు వరసగా చూస్తే ఎవరికైనా భయమే. ఈ విజిట్‌కి మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో కాన్సెంట్ ఫారంలో (ట్రయల్‌లో చేరేటప్పుడు పేషెంట్ సంతకం పెట్టే సమ్మతి పత్రం) ఉంటుంది, అది తీసి చెప్పండి. ఐదు మిల్లీలీటర్లు ఒక టీ స్పూను. ముప్పై అయితే ఆరు స్పూన్లు. రక్తదానంలో తీసేది 350. ఇలా చెప్తే కుదుటపడతారు. మన ప్రాంతంలో ట్రయల్ అంటే అనుమానం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ వ్యాక్సిన్ ప్రాజెక్టులో హాస్టల్ ఆడపిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన గొడవ జనం మర్చిపోలేదు. ఆ తర్వాత 2019లో వచ్చిన కొత్త క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో, కొత్త మందు అణువుల ట్రయల్స్‌లో సులభంగా ఒత్తిడికి లోనయ్యే (వల్నరబుల్) పేషెంట్ల కాన్సెంట్‌ను ఆడియో వీడియో రికార్డింగ్ చెయ్యాలని ఉంది.

కాన్సెంట్‌కీ ట్యూబులకీ నేరుగా సంబంధం ఉన్న చోటు ఒకటుంది. చాలా ట్రయల్స్‌లో జన్యు పరీక్షలకో, భవిష్యత్తు పరిశోధనకో ఒక ఐచ్ఛిక శాంపిల్ ఉంటుంది. దానికి కాన్సెంట్ వేరు. పేషెంట్ వద్దన్నా, కిట్‌లో ఆ ట్యూబు ఉంటుంది కాబట్టి నర్సు చేయి దాని మీదికి పోతుంది. మా దగ్గర ఒకసారి జరిగింది. పేషెంట్‌కి చెప్పి క్షమాపణ అడిగి, ఎథిక్స్ కమిటీకి రాసి, ల్యాబ్‌లో ఆ శాంపిల్ ధ్వంసం చేసినట్టు కాగితం తెప్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి విజిట్ ముందురోజు కిట్ తెరిచి, పేషెంట్ వద్దన్న ట్యూబును నేనే బయటికి తీసేస్తాను. వేరే చేతికి దొరక్కపోతే ఎవరూ నింపరు.

నరం దొరకని పేషెంట్లకు ఒక నియమం పెట్టుకోండి: ఒక మనిషి రెండుసార్లే గుచ్చాలి, తర్వాత ఇంకొకరు. ఇద్దరికీ రాకపోతే వేడి గుడ్డ, నీళ్లు, అరగంట విశ్రాంతి. అప్పటికీ సగమే వస్తే ఏ ట్యూబు ముందు నింపాలో ట్రయల్ నడిపే కంపెనీని, అంటే స్పాన్సర్‌ని అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి, ఆ రోజు కాదు, ఇప్పుడే. గుచ్చే ఇద్దరి పేర్లూ, ట్రయల్‌లో ఏ పని ఎవరు చెయ్యొచ్చో రాసే డెలిగేషన్ లాగ్‌లో ఉండాలి. ఐసీయూ నుంచి సాయానికొచ్చిన సిస్టర్ ఎంత నేర్పరి అయినా, పేరు లేకపోతే అదీ ఒక డీవియేషనే. సూదికి మూత తిరిగి పెట్టొద్దు. ఎవరికైనా గుచ్చుకుంటే దాచొద్దు, హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

ఇప్పుడు మీరు వచ్చే వారం చెయ్యగలిగింది. ల్యాబ్ మాన్యువల్ వంద పేజీలుంటుంది, వార్డులో ఎవరూ చదవరు. మీ ఒక్కో విజిట్‌కి ఒక పేజీ తెలుగులో రాయండి: ఏ రంగు ట్యూబులు ఏ వరసలో, ఎన్నిసార్లు తిరగెయ్యాలి, ఎంతసేపు నిలబెట్టాలి, మీ మెషీన్ మీద ఎంత ఆర్‌పీఎం, ఎన్ని వయల్స్, ఎక్కడ పెట్టాలి. పక్కనే టైములు రాసే గడులు. పీఐ గారి చేత చూపించి సంతకం పెట్టించండి. మాన్యువల్ కొత్త వెర్షన్ వస్తే పాత పేజీ చించెయ్యకండి, కొట్టేసి తేదీ వేసి ఫైల్ చెయ్యండి. తర్వాత గడువైపోయిన కిట్ ఒకటి తీసుకుని, రంగు నీళ్లు పోసి, నర్సు, టెక్నీషియన్, మీరు కలిసి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆడండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. మా రిహార్సల్‌లోనే తెలిసింది, మైనస్ 20 ఫ్రీజర్ ఉన్న గది తాళం చెవి మధ్యాహ్నం రెండు తర్వాత ఇంటికెళ్లిపోయే మనిషి జేబులో ఉంటుందని.

మానిటర్‌కి జవాబు రాసేటప్పుడు "సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చాం" అని ఒక్క ముక్కలో తేల్చకండి. ఆ వాక్యం వాళ్లు వెయ్యిసార్లు చదివారు. మూడు విజిట్లలో మీరు రాసిన ఐదు టైములు పట్టికగా పెట్టి, ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చెప్పి, ఏం మార్చారో రాయండి. మెయిళ్ల టోన్ దానంతటదే మారుతుంది.

ముందు స్కేలు తీసుకెళ్లి మీ సెంట్రిఫ్యూజ్ రేడియస్ కొలవండి. ఎన్ని సెంటీమీటర్లో, మాన్యువల్‌లో ఎన్ని జీ అడిగారో చెప్తే ఎంత ఆర్‌పీఎం పెట్టాలో లెక్కేసి చెప్తాను.